ఏడో బోను మూత

ప్రియమైన ఎలుకల దొరగారికి,

మీరు ఆ పరిశోధనశాలలో ఉద్యోగానికి వెళ్ళి ఐదు నెలలు. పాప కడుపులో మళ్ళీ పురుగులు. ఇది నాలుగోసారి. మందు వేసిన వారం బాగానే ఉంటుంది, నెల తిరక్కుండా కథ మొదటికొస్తుంది. విరేచనాలు ఆగవు. మూతి చుట్టూ పుళ్ళు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తోంది. ముద్ద పెడితే మట్టిలా ఉందంటుంది. నాలుగేళ్ళ పిల్ల, పదకొండు కిలోలు తూగింది.

వీధిలో పిల్లలందరూ ఆ మట్టిలోనే ఆడతారు. వాళ్ళకీ పురుగులొస్తాయి, పోతాయి. దీని దగ్గరే కాపురం పెట్టాయి. నా చేతుల్లోనే శుభ్రం లేదని మీ అమ్మగారి తీర్పు. గోళ్ళు చిగుళ్ళదాకా తీసేసుకున్నాను. ఏడుపు కూడా రావట్లేదు. ఏదో ఒకటి రాయండి.

ఇట్లు,
మీ మొండిగోళ్ళ ఇల్లాలు

* * *

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. రాద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున్నే బోన్లు కడుగుతాను, మేత తూస్తాను. సగం ఎలుకలకి జింకు లేని మేత పెట్టాలి. కొన్నాళ్ళకి అవి తిండి మానేస్తాయి. బొచ్చు రాలుతుంది, మూతి పుళ్ళవుతుంది. వాటి పేగుల్లోకి పురుగులు ఎక్కిస్తారు. మామూలు మేత తిన్న ఎలుకలు ఆ పురుగుల్ని వెళ్ళగొట్టేస్తాయి. వీటికి పోవు. పోట్లాడే శక్తి వాటి ఒంట్లో ఉండదని ఈ పరిశోధన నడిపే మేడం అంటారు. నేను చూస్తాను, రాసుకుంటాను. ఏమీ అనిపించదు.

ఒక పొరపాటు జరిగింది. బోన్లన్నీ స్టీలువి. ఏడో బోనుకి జింకు పూత ఉన్న పాత మూత పెట్టేశాను. ఎలుకలు దాన్ని నాకుతూ వచ్చాయి. మూడు వారాల్లో మేతకి ఎగబడుతున్నాయి. వాటి పెంటలో పురుగుల గుడ్లు కనబడటం లేదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పాపని అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ ఆయన

* * *

ప్రియమైన మీకు,

మీకు బుద్ధుందా? తిండి మానడం, జుట్టు రాలడం, మూతి పుళ్ళు. నేను రాసిందే మీరు తిరిగి రాశారు, పాప అన్నచోట ఎలుక అని. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదా?

ఆ ఉత్తరం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన రెండుసార్లు చదివి, పాప మూతి చూసి, ఇది తనకి ముందే తట్టాల్సిందన్నారు. విరేచనాల్లో ఒంట్లో జింకు పోతుందట. అది తగ్గితే పురుగుల్ని తట్టుకునే బలం తగ్గుతుంది. పురుగులుంటే మళ్ళీ విరేచనాలు. గానుగెద్దు తిరిగినట్టే. పురుగుల మందుతోపాటు జింకు సిరప్ కూడా రాశారు.

అది జరిగి ఐదు వారాలు. పరీక్షలో గుడ్లు లేవు. అరకిలో పెరిగింది. నిన్న కంచం ఖాళీ చేసి ఇంకొంచెం పెట్టమంది. నేను గోడకి చేరగిలబడి అలాగే కూర్చుండిపోయాను. సంతోషమే అయ్యుంటుంది. నాకేమీ తెలియలేదు.

మీ పొరపాటు పుణ్యమా అని పిల్ల దక్కింది. మీరు మాత్రం బండరాయి అయిపోయారు.

ఇక సెలవు,
పాప అమ్మ

* * *

ప్రియమైన నీకు,

పొరపాటు కాదు.

నీ మొదటి ఉత్తరం చదివిన పూటే నాకు అర్థమైంది. కానీ నేను బోన్లు కడిగేవాణ్ణి. నా మాట మీద పాపకి మందు వేయమని ఎలా రాయను? తప్పయితే? అందుకని ఎలుకల మీద చూశాను. ఆ మూత కావాలనే పెట్టాను. రోజూ పెంట పరీక్షించి గుడ్లు లెక్కపెట్టాను. ఇక్కడి పద్ధతి అదే, ముందు ఎలుక, తర్వాత మనిషి. గుడ్లు పూర్తిగా పోయాకే నీకు రాశాను. అప్పుడు కూడా తిన్నగా రాయడానికి ధైర్యం చాల్లేదు.

ఆ మూడు వారాలూ పాప అక్కడ ఎండిపోతూనే ఉంది. డాక్టర్ని ఒకసారి అడుగు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఆ సంగతి నీ రెండో ఉత్తరం చూశాక తట్టింది.

నిన్న మేడంకి నిజం చెప్పేశాను. ఇక ఏ బోను లెక్కా నమ్మడానికి లేదు, ఆవిడ ఏడాది పని మట్టికొట్టుకుపోయింది. ఆవిడ అరవలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళమన్నారు. పెట్టేశాను.

శనివారం పొద్దున బస్సు దిగుతాను. ఎలుకలకంటే మూడు వారాలు వెనక నిలబెట్టాను పాపని. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం.

పాప నాన్న