ఏడో నంబరు జాగా

10 జనవరి 2014, శుక్రవారం

నేను దాసరి మార్తమ్మను. పాస్‌పోర్టులో వయసు డెబ్బై ఒకటి. మా అమ్మ చెప్పిన లెక్కయితే ఇంకో మూడేళ్ళు ఎక్కువే. ఊరు బాపట్ల పక్కన. ప్రస్తుతం నాటింగ్‌హామ్‌లో, మా అమ్మాయి ఫ్లాటులో. ఇంట్లో నలుగురం — హాస్పిటల్లో నర్సు చేసే రత్నం, సిటీ బస్సు నడిపే అల్లుడు ప్రభుదాసుగారు, ఆరేళ్ళ మనవరాలు షారన్, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన నేను. ఏప్రిల్ నెలాఖరుకి నా గడువు తీరుతుంది.

నాకు చదువు రాదు. రాసేది అల్లుడుగారు. మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. అందుకని నేను వంటింట్లో, ఆయన హాల్లో, మధ్యలో తలుపు ఓరగా. నేను చెప్పేది కాగితానికి. ఆయనకు వినబడితే వినబడనీ.

సంగతి ఇది. కిందటి శుక్రవారం పొద్దున రత్నం డ్యూటీ నుంచి వచ్చి, బిల్డింగు వెనక మా ఏడో నంబరు జాగాలో కారు పెట్టి, వచ్చి పడుకుంది. లేచేసరికి కారు అద్దం మీద పసుపు కవరు. కౌన్సిల్‌వాళ్ళు కాదు, పోలీసులు కాదు — ఎవరో పార్కింగ్ కంపెనీ. అద్దంలో పెట్టాల్సిన పర్మిట్ కనబడలేదు కాబట్టి జరిమానా కట్టమని.

మా జాగాలో మా కారు పెట్టుకున్నందుకు!

"పద్నాలుగు రోజుల్లో కడితే సగమేనంటమ్మా. కట్టేద్దాం," అంటుంది రత్నం.

"సగం కడితే సగం తప్పు చేసినట్టా?"

"పీఆర్‌కి పెట్టుకోబోతున్నాం. ఈ దేశంలో ఉండిపోవాలంటే అది రావాలి. ఇప్పుడు కోర్టు కాగితాల్లో నా పేరు పడితే..."

కారు దాని పేరు మీద. కవరులో పేరు దానిది. దాని భయం నాకు తెలియక కాదు. కానీ ఒకసారి కడితే ఆ జాగా మాది కాదని మేమే ఒప్పుకున్నట్టు. రెండోసారీ అంటిస్తారు. మూడోసారీ.

11 జనవరి

కట్టలేదు. నాతో మాట్లాడనూ లేదు. కూర మాత్రం రెండుసార్లు వేసుకుంది.

18 జనవరి, శనివారం

అల్లుడుగారు కంపెనీకి అప్పీలు రాస్తున్నారు. ఆయన ప్రశ్నలు షారన్ మోసుకొస్తోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం ఇంగ్లీషే.

"అమ్మమ్మా, డాడీ సేస్, పర్మిట్ ఉందా?"

"ఉంది."

"డాడీ సేస్, షూరా?"

"కవరు చూసిన రోజే తాళాలు తీసుకుని కిందికి వెళ్ళి చూశానని చెప్పు మీ డాడీకి. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది."

రత్నం కూడా అడిగింది. అదే చెప్పాను.

పర్మిట్ అద్దంలోనే ఉందని రాశారు. రాసిన కాగితం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళారు. అక్షరం తెలియదు కానీ వరస తెలుసు నాకు, యాభై ఏళ్ళు నాట్లు వేసినదాన్ని. ఎక్కడా వంకర పోలేదు. బస్సు కూడా ఇలాగే నడుపుతాడేమో ఈ మనిషి. ఇన్నాళ్ళూ మెతక అనుకున్నాను. (ఇది కూడా రాస్తున్నట్టున్నారు. రాయనీ.)

27 జనవరి, సోమవారం

వాన. పొద్దున ఎనిమిదిన్నర. కిటికీలోంచి చూస్తే ఏడో నంబరు ఖాళీ. రత్నం రోడ్డు మలుపులోంచి నడిచి వస్తోంది, తల మీద బ్యాగు పెట్టుకుని.

"కారేదే?"

"రెండు వీధుల అవతల పెట్టానమ్మా. ఇక్కడ పెడితే మళ్ళీ అంటిస్తారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కవరు వచ్చినప్పటి నుంచీ."

పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు. మూడు వారాలుగా ఇలా నడుస్తూ ఒక్కరోజూ నోరు విప్పలేదు. షూలు విప్పి, వాటిలో పాత పేపరు కుక్కి, షారన్‌కి జడ వేసి, స్కూల్లో దింపి వచ్చి, అప్పుడు పడుకుంది. నా కడుపున పుట్టిందే కానీ ఈ ఓర్పు నాది కాదు. వాళ్ళ నాన్నది.

2 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి రాగానే కింద ఫ్లాటు ఆవిడ వచ్చింది. ఈ దేశపు మనిషే, నేను జీనమ్మ అంటాను. ఎనభై దాటింది, ఒంటరి మనిషి, చేతికర్ర. మెట్లెక్కి వచ్చి మరీ కూర్చుంది. కారు అద్దం మీద కవరు అంటించిన రోజే చూసిందట.

ఆమె ఇంగ్లీషులో ఒకటంటుంది, నేను తెలుగులో రెండంటాను. మధ్యలో రత్నం నలిగిపోతోంది. ఉన్నట్టుండి జీనమ్మ కర్రతో నేల మీద టకటకా కొట్టి ఏదో అంది.

"ఏమంటోంది?"

"సిగ్గులేని మనుషులు అంటోందమ్మా. ఇంకాస్త ఘాటుగా."

"ఘాటుగానే చెప్పు."

"షారన్ వింటోంది."

ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉందట. కంపెనీ బోర్డులు పాతింది నిరుటికి ముందేడు. అంతకు ముందు బోర్డులూ లేవు, పర్మిట్లూ లేవు. ఎవరి జాగా వారిది. "మీ అద్దె అగ్రిమెంటు ఏదీ? బయటికి తియ్యి," అంది.

రత్నం సూట్‌కేసు అడుగు నుంచి తీసింది. జీనమ్మ కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి, చివరి పేజీ నుంచి వెనక్కి చదివింది. ఒకచోట వేలు ఆపింది. ఫ్లాటుతోపాటు ఏడో నంబరు పార్కింగ్ జాగా అద్దెకిచ్చినట్టు రాసి ఉంది. పర్మిట్ అన్న మాటే లేదు.

"ఇంతకాలం ఇది ఇంట్లోనే ఉందిటే?" అన్నాను.

"సంతకం పెట్టిన రోజు చదవలేదమ్మా."

ఆ ముసలామెకు మామిడికాయ పచ్చడి సీసా ఇచ్చి పంపాను. ఆమెకి కారు లేదు. మా జాగా కోసం కీళ్ళనొప్పులతో రెండంతస్తులు ఎక్కి వచ్చింది.

14 ఫిబ్రవరి, శుక్రవారం

కంపెనీ జవాబు. ఒప్పుకోరట. ఆ రోజు తీసిన ఫొటోలు చూసుకోమని పంపారు.

రత్నం డ్యూటీలో ఉంది. హాల్లో అల్లుడుగారు ఫొటోలు తెరిచి చూశారు. తరవాత ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గడప మీద పెట్టి, వెనక్కి వెళ్ళిపోయారు.

ఫొటోలో మా కారు అద్దం. అద్దం వెనక కార్డు. కార్డు మీద గొర్రెపిల్ల, గులాబీలు.

ఇక దాచడానికేముంది.

కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెంలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఎవరికి ఏ వాక్యం వస్తే ఆ ఏడాది అది వాళ్ళది. రత్నానికి కాపుదల వాక్యం వచ్చింది. ఊళ్ళో అయితే గడప మీద అంటిస్తాం. రత్నం రోజూ తిరిగేది ఆ కారులోనే కదా అని, ఆ శుక్రవారం అది పడుకున్నాక తాళాలు తీసుకుని వెళ్ళి, కారు ముందు వాక్యం నడవాలని అద్దం దగ్గర నిలబెట్టాను. ఆనించడానికి అక్కడేదో అట్ట ఉంది. దానికే ఆనించాను.

ఆ అట్టే పర్మిట్.

పర్మిట్ ఉందన్నాను. అబద్ధం కాదు. కనబడుతోందా అని ఎవరూ అడగలేదు.

కాదు. పై మాట కొట్టేయకుండా ఉండనీ, కింద ఇదీ రానీ. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. కవరు చూసి కిందికి వెళ్ళినప్పుడే కార్డు తీసి నా బైబిల్లో పెట్టేశాను. చదవలేని దాని బైబిలు ఎవరు తెరుస్తారులే అనుకున్నాను.

హాల్లోంచి మాట వచ్చింది. "అత్తయ్యగారూ, ఇది రత్నానికి చెప్పక్కర్లేదండీ. అగ్రిమెంటు చాలు మనకి. కార్డు సంగతి మనం ఎత్తకపోతే సరిపోతుంది."

ఎనిమిదేళ్ళలో నాతో నేరుగా ఇంత పొడుగు మాట అనలేదు ఆయన. నా పరువు కోసం తన మర్యాద దాటారు. మెతక అన్నానే ఈ మనిషిని...

15 ఫిబ్రవరి, శనివారం

చెప్పాను.

"దేవుడి వాగ్దానం దేవుడిది, పర్మిట్ పర్మిట్టేనమ్మా!"

"నిజమే."

"మూడుసార్లు అడిగాను నిన్ను."

"నాలుగు."

తలుపు వేసుకుంది. సాయంత్రం బయటికి వచ్చి, "అయితే ఇంక కట్టేద్దాం," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనూ ఊరుకోలేదు. కార్డు అడ్డం పెట్టింది నేను, ఆ తప్పు నాది. జాగా ఇచ్చింది ఇంటి ఓనరు, ఆ హక్కు నీది. ఈ రెంటి మధ్య కంపెనీ ఎవరు? అల్లుడుగారు గోడ వైపు చూస్తూ అన్నారు — కంపెనీ కాదన్నా పైన ఇంకొకరు ఉన్నారట, కంపెనీతో సంబంధం లేనివాళ్ళు, ఇరవై ఎనిమిది రోజుల్లో వాళ్ళకు రాసుకోవచ్చట.

రత్నం కళ్ళు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"రాస్తే మొత్తం రాయాలి. నా పేరు మీద సగం నిజం పోకూడదు."

"అదంతా రాస్తే ఓడిపోతామేమో," అన్నారు అల్లుడుగారు.

"వార్డులో చార్టు తప్పు రాస్తే ఏం చేస్తామో తెలుసా మీకు? చెరపం. తెల్లరంగు పుయ్యం. కింద మాట కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెడతాం. ఇదీ అంతే."

ఆ మాటకు నాకు లేచి నిలబడాలనిపించింది. నిలబడ్డాను కూడా. భయపడేది నా కూతురే, తప్పించుకోనిదీ నా కూతురే.

8 మార్చి, శనివారం

వంటింటి తలుపు తీయించాను. ఓరగా పెట్టి చెప్పే మాటలు కావివి. బల్లకి ఇటు నేను, అటు అల్లుడుగారు, పక్కన రత్నం, సాక్షిగా పిలిచిన జీనమ్మ. తల మీద కొంగు లాక్కున్నాను, అంతే. ఆయన తల వంచుకునే రాశారు, చెవులు ఎర్రబడ్డాయి.

పాత అప్పీలు నకలు తీసి, "పర్మిట్ అద్దంలోనే ఉంది" అన్న చోట రత్నం ఒక్క గీత కొట్టింది. పక్కన నేను చెప్పింది పెట్టారు — పర్మిట్ ఉంది, దాని ముందు నేను కార్డు పెట్టాను, పర్మిట్ కనబడలేదు, తరవాత కార్డు తీసి దాచాను, ఈ సంగతి నా కూతురికి తెలియదు. దాని కింద అద్దె అగ్రిమెంటు మాట. రాసింది అల్లుడుగారు తెలుగులో మూడుసార్లు చదివి వినిపించారు. రెండోసారి ఒకచోట ఆపాను. "పొరపాటున దాచాను" అని పెట్టారు ఆయన.

"పొరపాటున కాదు. భయపడి."

"అత్తయ్యగారూ..."

"రాయండి. మీ ముందు చెప్పడానికే సిగ్గుపడనిదాన్ని, ఎవరో తెల్లవాళ్ళ ముందు సిగ్గేమిటి?"

రాశారు. ఒక గీత, పక్కన సరైన మాట. వేలిముద్రకి సిరా ప్యాడ్ లేదు. ఆయన పెన్ను విప్పి బొటనవేలికి సిరా పూస్తే, జీనమ్మ వింతగా చూసింది, నవ్వలేదు. సాక్షి సంతకం చేసే ముందు రత్నం చేత ఇంగ్లీషులో మొత్తం చదివించుకుని విని, నా సిరా వేలు పట్టుకుని ఏదో అంది.

"ఏమంటోందే?"

"నీలాంటి మనిషి ఈ బిల్డింగు కమిటీలో ఉండి ఉంటే ఆ బోర్డులు పాతనిచ్చేది కాదట."

10 మార్చి

పంపేశారు.

22 మార్చి, శనివారం

జవాబు రాలేదు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పరు. అక్కడ మేం ఓడితే కోర్టుకు లాగుతామని కంపెనీవాళ్ళు మళ్ళీ ఉత్తరం పెట్టారు. రత్నం పేరు మీదే. అప్పటికి నేను ఇక్కడ ఉండను.

పొద్దున రోడ్డు మలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. రత్నం వచ్చే వేళ దాటింది. కింద ఇంజను చప్పుడు. చూస్తే ఏడో నంబరులో కారు! రత్నం లోపలే ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీద. ఇంజను ఆగలేదు. వెనక్కి తీస్తుందనుకున్నాను... చాలాసేపటికి ఆగింది. దిగి, తాళం వేసి, చుట్టూ తిరిగి అద్దంలోంచి పర్మిట్ చూసుకుని, పైకి వచ్చింది.

"టీ పెట్టమ్మా," అంది. తాగి పడుకుంది. పడుకునే ముందు, "కిటికీ దగ్గర కాపలా కూర్చోకు," అంది.

కూర్చున్నాను. అల్లుడుగారికి ఈరోజు సెలవు, పక్కనే కూర్చుని రాస్తున్నారు.

ఇప్పుడే గేటులోంచి ఒకతను వచ్చాడు. పసుపు జాకెట్టు, మెడలో కెమెరా, కంపెనీ మనిషే. ఒకటో నంబరు దగ్గర వంగి చూస్తున్నాడు. రెండు. కింద జీనమ్మ తలుపు తెరుచుకుంది, కర్ర చప్పుడు.

నా చెప్పులేవి? అద్దె అగ్రిమెంటు ఇలా ఇవ్వండి, నేనూ దిగుతాను. రత్నాన్ని లేపకండి. నడుస్తూ వేలు పెట్టలేను, ఇక్కడే పెట్టేస్తాను, పెన్ను విప్పండి.

దాసరి మార్తమ్మ నిశాని, ఎడమచేతి బొటనవేలు.

ఇందుకు సాక్షులు: ఒకటి, కింద ఫ్లాటు జీనమ్మ. ఆమె చేయవలసిన సంతకం పార్కింగు నుంచి తిరిగి వచ్చాక.

రెండు, నా కూతురు రత్నకుమారి. దాని పేరు మీరు రాయకండి. చోటు ఉంచండి. లేచి, మొత్తం చదువుకుని, పెట్టాలనుకుంటే తనే పెడుతుంది.

వ్రాసినది: ప్రభుదాసు, అల్లుడు.