కాలు తీస్తే ఆగే తాడు

విశాఖపట్నం, బుధవారం

నాన్నా,

బోటు గుజరాత్‌లో వెరావల్ ఒడ్డుకి చేరాక ఇది నీ చేతికందుతుంది. ఫోన్లో చెబితే ఏడ్చేస్తానని రాస్తున్నాను.

జాలరి పల్లెల పిల్లల కోసమే పెట్టిన పాలిటెక్నిక్ ఇది. ఏడాదిన్నర కిందట వచ్చిన మిషన్లు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. వర్క్‌షాపుకి ఎప్పుడూ తాళమే. మేము బొమ్మలు చూసి రికార్డులు నింపుతాం. కిటికీ ఊచల్లోంచి చూస్తుంటే లోపల బందీగా ఉన్నది అవో, మేమో తెలియదు.

హార్బర్లో అన్నయ్య వేళ్లు వల లాగే మిషన్లో నలిగినప్పటి నుంచీ నాకొకటే ఆలోచన. పెడలు మీంచి కాలు తీయగానే వల తాడు ఆగిపోవాలి. కంచరపాలెం పాత ఇనుప కొట్లో కుట్టుమిషను పెడలు, సైకిలు బ్రేకు తీగ కొని హాస్టల్లో మంచం చాటున బిగించాను. రేకుకి రెండు కన్నాలు కావాలి. నిన్న అటెండరు వర్క్‌షాపు ఊడుస్తుంటే లోపలికెళ్లి, ఒక మిషను కవరు తప్పించి వేసుకున్నాను. ప్రిన్సిపాల్ భీమశంకరరావు గారు చూశారు.

"మీ పల్లెల పిల్లలకి డిప్లొమా చేతికొస్తే చాలు. కనిపెట్టడాలు మీకెందుకమ్మా?" అన్నారు. తిట్టినా బాగుండేది, జాలిగా అన్నారు. పెడలు తీసుకుని బీరువాలో పెట్టేశారు. దొంగతనంగా మిషను వాడానని సంతకం పెట్టాలట, లేకపోతే టీసీ. పెట్టను నాన్నా. రొయ్యల కంపెనీలో చేరిపోతాను. టీసీ తీసుకోడానికి సోమవారం అన్నయ్య వస్తాడు.

నీ దుర్గ

విశాఖపట్నం, ఆదివారం

నాన్నా,

సోమవారం టీసీ కోసం నేనూ అన్నయ్యా నిలబడి ఉంటే, మాకు పాఠాలు చెప్పే వెంకటరమణమ్మ మేడమ్ వచ్చి, "ఆ పెడలు ఒకసారి చూద్దాం సార్" అన్నారు. బీరువా తీయించి, వర్క్‌షాపులో మోటారుకి బిగింపజేశారు.

అన్నయ్య కాలు పెట్టాడు, తాడు చుట్టుకుంది. తీశాడు. జానెడు జారి ఆగింది.

"జానెడంటే మల్లీ నా సెయ్యి పోద్ది కదే," అన్నాడు. నా మొహం వాడిపోయింది. వాడు ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగాడు. "మా సెల్లిని ఇంటికి తోలేత్తే ఆ జానెడు ఎవులు తగ్గిత్తారు బాబూ?"

చివరికి మేడమ్ తన పూచీ మీద రాసిచ్చాక ఆయన వర్క్‌షాపు తాళంచెవి ఇచ్చారు. శనివారం మాత్రమే, అదీ రెండే గంటలు. నా సంతకం సంగతి వదిలేశామనీ అనలేదు, కావాలనీ అనలేదు. రేపు మళ్లీ అడుగుతారేమో.

నిన్న మా క్లాసు వాళ్లం తొమ్మిది మందిమి కలిసి కవర్లు విప్పాం. దుమ్ముకి అందరం తుమ్మాం. బ్రేకు తీగ ఇంకాస్త బిగిస్తే జానెడు బెత్తెడైంది. నేను ఇంటికి వెళ్లడం లేదు.

నీ దుర్గ