కొంగల వల

ఏవండీ,
పెడనలో అక్కకి ఒంట్లో బాలేదట, వెళ్తున్నాను. మోక్షితని బడి నుంచి మీరే తీసుకురండి. రాగానే పెరటి తలుపుకి పైగడియ పెట్టండి, కింది గడియ అది తీసేస్తోంది. స్విమ్మింగ్ పూల్ మీద మీరు కట్టిన వల విప్పేశాను. ఎండలో పడి కట్టారు, తెలుసు. కానీ అది చేపల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే వల, పిల్లని ఆపదు. పడితే కాళ్లకి చుట్టుకుని పైకి రానివ్వదు కూడా. చుట్టూ కంచె కట్టి గేటు పెట్టించమంటే అందం పోతుందన్నారు. రేపే మనిషిని పిలవండి. పులుసు పొయ్యి మీద ఉంది.
హైమ

ఇంకోటి. నిన్న అది ఆ వల మీదికి కాలు చాపింది. నేను కేకేస్తే, "నాన్న వల కట్టాడుగా అమ్మా, పడనులే" అంది.