శాంభవి కాలు తప్పలేదు

నవంబరు 3, ఆదివారం

కంప్యూటర్ వచ్చింది. నల్లటి డబ్బా, లోపల ఎర్ర లైట్లు. ప్లగ్గు పెట్టగానే చిటపటమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అమ్మా, నువ్వు మిక్సీకి కూడా ఇలాగే భయపడతావు అని నవ్వాడు మా దత్తు. మిక్సీ షాక్ కొట్టలేదా మరి?

ఇదంతా మనవరాలు శాంభవి కోసం. స్కాలర్‌షిప్ వాళ్ళకి పదిహేనో తారీఖు లోపల డాన్సు వీడియో పంపాలి. కట్ లేకుండా పదకొండు నిమిషాలు. కిందటి నెల కూచిపూడిలో ఆడింది. బొమ్మ దత్తు ఫోన్లో తీశాడు, పాట వేరే రికార్డర్‌లో పట్టారు. రెండూ కలపాలి. వన్‌టౌన్‌లో పెళ్ళి వీడియోలు చేసే ముస్తాక్‌కి ఇవ్వరా అన్నాను. వాడికి పెళ్ళి భోజనాలు తియ్యడం తెలుసు గానీ క్లాసికల్ ఏం తెలుసమ్మా అన్నాడు. దత్తు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. రానిదేముంది!

నవంబరు 6

బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ర్యామ్ చాలదట. షాపువాడు కొనేటప్పుడే చెప్పాడట, వీడే వినలేదు. ఎవరి మాట విన్నాడు గనక.

నవంబరు 8, రాత్రి

ర్యామ్ వేయించాడు. సాఫ్ట్‌వేర్ కూడా మార్చాడు. ఇప్పుడు బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. అందరం కూచుని చూశాం. మొదట్లో బాగానే ఉంది. సగానికి వచ్చేసరికి పిల్ల కాలు ముందు పడుతోంది, మృదంగం దెబ్బ తరవాత వస్తోంది. చివరి జతులకి మరీ ఘోరం.

కంప్యూటర్ స్పీడుగా ఉంది, సాఫ్ట్‌వేర్ కొత్తది, ఇంక లోపం ఎక్కడుంటుంది, నువ్వే తొందరపడ్డావు అన్నాడు దత్తు పిల్లతో. కన్నతండ్రి! పైగా డాన్సు మాస్టారు రామకోటేశ్వరరావు గారికి వాట్సాప్ చేశాడు. ఆయన పిల్లకి ఫోన్ చేసి, ఏమ్మా, రైలు అందుకోవాలా, ఏమిటా పరుగు అన్నారట. ఆ రోజు పక్కన కూచుని తాళాలు వేసింది ఈయనే కదా. చెవులు ఇంట్లో పెట్టి వచ్చారా?

మళ్ళీ తీద్దామంటే మృదంగం ఆయన చెన్నైలో ఉన్నాడు. నెలాఖరుకి గానీ రాడు.

పిల్ల అన్నం ముట్టలేదు.

నవంబరు 9

తెల్లారకముందే గజ్జెల చప్పుడు. ఆ దిక్కుమాలిన వీడియో ఎదురుగా పెట్టుకుని సాధన. ఒద్దే, నీ కాలు తప్పలేదే అన్నాను. నీకు తెలీదులే నానమ్మా, కనిపిస్తోందిగా అంది.

నాకు తెలీదట. నాలుగో తరగతితో మాన్పించారు నిజమే. మృదంగం వాయించే మనిషితో నలభై రెండేళ్ళు కాపురం చేశాను. ఆ రోజు ముందు వరసలో కూచున్నాను. ఒక్క అడుగు తప్పలేదు. మిషను చెబితే నమ్ముతారు, నేను చెబితే చాదస్తం.

నవంబరు 12

బీపీ మాత్ర మర్చిపోయాను. తలలో నరాలు లాగేస్తున్నాయి. అయినా రాస్తాను.

ఇవాళ ఆ వీడియో మళ్ళీ పెట్టించుకున్నాను. కాళ్ళకేసి చూడలేదు, పక్కకి చూశాను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆడేవాళ్ళని నేనెప్పుడు చూశాను! పక్కవాద్యాల వైపే నా చూపంతా. మాస్టారి చేతులు కనిపించాయి. తాళాలు తగిలాయి. చప్పుడు తరవాత వచ్చింది. మళ్ళీ తగిలాయి. మళ్ళీ తరవాతే.

దత్తూ, ఇలా రారా అని అరిచాను. పిల్ల తొందరపడింది సరే, మాస్టారి తాళాలు కూడా తొందరపడ్డాయట్రా? మనిషి చేతిలో తాళం చప్పుడు ఆ చేతికంటే వెనక వస్తుందా, మీ ఫిజిక్సులో? అన్నాను.

ఆ ముక్కనే వెనక్కి తిప్పి నాలుగుసార్లు వేసి చూశాడు.

నవంబరు 13

వీళ్ళని నమ్మి లాభం లేదు. వీడియోలూ, పాటా అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, ఆటో ఎక్కి నేనే వన్‌టౌన్ వెళ్ళాను. దారంతా పెన్‌డ్రైవ్ గుప్పిట్లోనే. పడిపోతే?

ముస్తాక్ రెండు నిమిషాలు చూశాడు. అమ్మగారూ, ఇది ఫోను రోగమండీ అన్నాడు. ఫోను ఓసారి సెకనుకి ముప్పై బొమ్మలు తీస్తుందట, ఓసారి తగ్గించేస్తుందట. కంప్యూటరేమో అంతా ముప్పయ్యే అనుకుని బొమ్మని పరిగెత్తిస్తుందట. పెళ్ళిళ్ళలో రోజూ చూస్తానండీ, పంతులుగారి నోరు ముందు, మంత్రం వెనక అని నవ్వాడు. ముందు ఫోను బొమ్మని వేరే సాఫ్ట్‌వేర్‌లో వేసి సమానం చేసుకుని, ఆ తరవాత పాట కలపాలట. అరగంటలో చేసిచ్చాడు. వాడిది పాత కంప్యూటర్. డబ్బాకి పక్క రేకు కూడా లేదు, ఎదురుగా టేబుల్ ఫ్యాను.

చూశాను. కాలూ దెబ్బా ఒక్కటే.

దత్తు పిల్లకి సారీ చెప్పాడు, గోడకేసి చూస్తూ. మాస్టారు, నేను ముందే అనుకున్నా అన్నారట. ఏమనుకున్నారో!

నవంబరు 29

సెలెక్టయింది. పదో తారీఖున హైదరాబాదులో వాళ్ళ ఎదురుగా ఆడాలి. దత్తు స్వీట్లు పంచుతున్నాడు.

ఇందాక సాధన చూశాను. మృదంగం దెబ్బ వినపడ్డాక గానీ కాలు పడటం లేదు. భయపడి ఆగుతోంది.

ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఎదురుగా పీట బోర్లించి, అప్పడాల కర్రతో తాళం కొడుతూ కూచున్నాను.