పాదిరి దొర జట్టుకు వేసిన గవ్వలు

శనివారం రాత్రి, బేతంచెర్ల

మనవరాలా, చెప్పింది చెప్పినట్టే రాయి, దిద్దొద్దు.

నేను వంట చేసే బంగళాలో పాదిరి దొర ఇంగ్లండు పేపరు చదువుతూ, వచ్చే ఏడు తమ ఊరి ఫుట్‌బాల్ జట్టుదే మొదటి స్థానమని మురిసిపోయాడు. నా నోరు ఊరుకోలేదు. బొడ్లోని సంచి విప్పి, మా అమ్మ జోస్యం చెప్పిన గవ్వలు బండమీద వేశాను.

"నీ జట్టు అడుక్కు పోతాది దొరా! శానా కింద ఉండాది."

దొర నవ్వలేదు. "బాప్తిస్మం నాడే గవ్వలు పారేసినానంటివే అవ్వా?"

వెంటనే లేచి, ఆయన కళ్ళముందే గవ్వలు బావిలో వేశాను. రేపు ఆదివారం గుడిలో ప్రభువు రొట్టెకు ఏ మొహంతో చేయి చాపాలి?

ఇంత సిగ్గులోనూ, ఆ జట్టు ఓడిపోవాలనే కోరుకుంటున్నాను.