కిటికీ రబ్బర్లు

నాన్నకు,

నీ పెద్దకూతురు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ బండి తప్ప అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, చెల్లీ, మరిదిగారూ, చంటిదీ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని కోప్పడకు. పొద్దస్తమానం ఆ సరుకుల వ్యాను బండితో వేగి ఇంటికొచ్చేసరికి తలప్రాణం తోకకొస్తోంది. కలం పట్టుకున్నా వేళ్ళు స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుపోతున్నాయి. నీ అల్లుడికి నడుంనొప్పి అలాగే ఉంది. మూటలెత్తలేకపోతున్నారు కాబట్టి వంటిల్లు ఆయన చేతికిచ్చేశాను. ఉప్పు వేశానో లేదో అనుకుంటూ రెండోసారి వేస్తారు. తినేవాళ్ళం నోరెత్తడం లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బండి అమ్మలేదు. "వచ్చినకాడికి తెగనమ్మెయ్, దాని మొహం చూడకు" అని రాశావు. కొనేవాడు రావాలిగా! మన సందు మలుపులో బండి చప్పుడు వినగానే బేరగాడు వచ్చిన దారినే పోతున్నాడు. కిటికీ రబ్బర్లు పీకొద్దనీ, అవి పెట్టాకే నీ దగ్గు తగ్గిందనీ రాశావు. వాటి సంగతి తర్వాత చెప్తాను. అక్కడికెళ్ళాక తలనొప్పి ఒక్కసారి కూడా రాలేదన్నావు. ఆ ముక్క మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను.

నీ ఉత్తరం కింద చెల్లి కూడా రెండు ముక్కలు రాసింది, నీకు తెలుసో లేదో. "నాన్న మనవరాల్ని ఇంతవరకూ ఎత్తుకోలేదక్కా. ఒళ్ళో పెట్టబోతే లేచి వెళ్ళిపోతాడు. 'తాతకి వచ్చిన మతిమరుపే నాకూ వచ్చిందమ్మా, నా బుర్ర మీద నాకే నమ్మకం లేదు, పడేస్తాను' అంటాడు" అని. అది చదివి నేను ఏడ్చాను నాన్నా.

నువ్వు ఎందుకలా అంటున్నావో నాకు తెలుసు. పిండిమర గోడకి బండి గుద్దిన రోజు నువ్వు కిందికి దిగి, నుజ్జయిన కాపలాదారు కుర్చీ కేసే చూస్తూ నిలబడ్డావు. ఆయన అప్పుడే టీకి లేచి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. ఎలా గుద్దావని అందరూ అడిగితే "గుర్తులేదు" అన్నావు. ఆ మాటకి నీకే ఎక్కువ భయమేసింది. తాళాలు మేకుకి తగిలించేసి, చెల్లి దగ్గరికి వెళ్ళిపోయావు. నువ్వు పెద్దవాడివైపోయావని మేమూ అనుకున్నాం.

ఇక బండి సంగతి. నువ్వు వెళ్ళాక పేలడం మొదలెట్టింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనకనించి ధడేల్! మార్కెట్ దగ్గర పావురాలన్నీ ఒక్కసారి లేచిపోతాయి. కూరగాయలామె నన్ను చూడగానే చెవులు మూసుకుని "వచ్చిందమ్మా ఫిరంగి" అంటుంది. నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత సైలెన్సర్ కుట్టు విడిపోయిన గోనెసంచిలా పగిలింది.

గొణుగుడు మెకానిక్ నీకు తెలుసుగా, పానాతో కూడా పోట్లాడే మనిషి. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. ఇంకో సైలెన్సర్ బిగించాడు. అదీ పగిలింది. అప్పుడు బండి కింద పడుకుని చాలాసేపు తనలో తనే గొణుక్కున్నాడు.

"పేలేది అక్కడేనమ్మా, రోగం మాత్రం ఇంకెక్కడో. లేకపోతే రెండోది కూడా ఎందుకు చస్తుంది?" అన్నాడు.

నన్ను బండెక్కి ఇంజన్ స్టార్ట్ చెయ్యమని, వెనక్కెళ్ళి తడిగుడ్డతో పొగగొట్టం మూతి కాసేపు మూశాడు. ఎక్కడో వెనక కాదు నాన్నా, సరిగ్గా నా కాళ్ళ కింద బుస్సుమంది. గేరు రాడ్డు మొదలు దగ్గర చిరిగిన తొడుగులోంచి వేడిగాలి నా పాదానికి తగిలింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. ఇంజన్ దగ్గర గొట్టం అతుకులో పగులుంది. అందులోంచి బయటిగాలి లోపలికి చేరి, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకుని పేలుతోందట.

"మరి అదే పగులులోంచి పొగ బయటికొస్తే ఎక్కడికి పోతుందమ్మా?" అని మెకానిక్ పైకెక్కి నా మొహంలోకి చూశాడు. "బండి నడిపితే తలనొప్పొస్తోందా?"

వస్తోందన్నాను. వాంతి వచ్చినట్టుంటుందా అంటే, ఉంటుందన్నాను.

"మీ నాన్నగారికి?"

నీకూ వచ్చేదన్నాను.

"ఈ పొగ కంటికి కనబడదు. మగత కమ్ముతుంది, మతి తప్పిస్తుంది. ఆయన నడిపేటప్పుడు పగులు సన్నది, అందుకే చప్పుడు లేదు. చెడిపోయింది పెద్దాయన బుర్ర కాదమ్మా, గొట్టం" అన్నాడు.

నీకు రాయకూడదనుకున్నది ఒకటుంది. మెకానిక్ ఆ పగులు కనిపెట్టడానికి వారం ముందు, ఖాళీ బుట్టలేసుకుని వంతెన దిగువకి వస్తున్నాను. తల పగిలిపోతోంది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలీదు. కాలు సడలినట్టుంది, వెనక ధడేల్మని పేలింది. కళ్ళు తెరిస్తే వంతెన గోడ పక్కనే ఉంది. ఏ చప్పుడుని రోజంతా తిట్టుకున్నానో అదే నన్ను లేపింది. నువ్వు గోడకి గుద్దిన రోజున లేపే చప్పుడు కూడా లేదు.

అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు. మెకానిక్ బండి దిగుతూ కిటికీ అంచు తడిమి, "సందు లేకుండా రబ్బరు ఎవరంటించారు? ఇది లేకపోతే పొగ కొంతైనా బయటికి పోయేది" అన్నాడు. విననట్టు బండి దిగిపోయాను. నీ దగ్గు వినలేక, చలిగాలి నీ ఛాతీకి తగలకూడదని, ఒక ఆదివారమంతా కూర్చుని అంటించింది నేనే. వేలు దూరే సందు కూడా వదల్లేదు. "డబ్బాలో పెట్టినట్టుందే తల్లీ" అని నువ్వు మురిసిపోయావు. నీకు తలనొప్పి మొదలైంది ఆ తర్వాతే. నీ మీద ప్రేమతోనే చేశాను నాన్నా, కానీ చేసింది నేనే. ఆ కుర్చీలో మనిషి ఉండుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

రబ్బర్లు నా చేత్తోనే పీకేశాను. గొట్టానికి వెల్డింగు పడింది, గేరు రాడ్డుకి కొత్త తొడుగు వేయించాను. అద్దాలు దించి రోజంతా నడిపాను. చలి కొరికేసింది గానీ తల నొప్పెట్టలేదు. నీకు అక్కడ తలనొప్పి పోయింది విశ్రాంతి వల్ల కాదు, బండి దిగినందువల్ల. నా మాట నమ్మకపోతే డాక్టర్‌కి చూపించుకో. బండి మళ్ళీ నడపమని నేను అడగను. నడపాలో వద్దో నీ ఇష్టం.

అడిగేది ఒక్కటే. చెల్లి ఇప్పుడు నీ ఎదురుగానే ఉండుంటుంది, నువ్వు చదువుతుంటే నీ మొహం చూస్తూ. ఈ కాగితం పక్కన పెట్టెయ్ నాన్నా. నీకు రెండు చేతులూ కావాలి. చంటిదాన్ని ఎత్తుకో.

ఇట్లు,
నీకు చలి తగలకూడదని గాలాడకుండా చేసిన
పెద్దకూతురు