జిగురు పూసిన స్టాంపు

అక్కా, నేను కులాసా. జ్వరం తగ్గినా నీ కూతురు, మన పిచ్చుక, మంచం దిగనంటోందని రాశావు. బెంగపడకు.

నిన్న మధ్యాహ్నం నేనూ పిచ్చుకా నింపుతున్న స్టాంపుల పుస్తకం కోసం ఒక పాత కవరు ముక్కను పళ్లెంలో నానబెట్టాను. స్టాంపు మెల్లగా ఊడి పడవలా తేలింది. దాని మీద ఉన్నది ఏసు మాట్లాడిన అరామిక్ భాష. "బైబిల్లో 'చిన్నదానా, లెమ్ము' అని ఏసు జబ్బుపిల్లను లేపిన మాట ఇదేనయ్యా" అన్నాడు ఆ కవరు నాకు అమ్మిన ముసలాయన. చూస్తూ చూస్తూ కునుకు తీశాను. కలలో పిచ్చుక ఆ నీళ్ల మీదే నడిచొచ్చింది.

దాచుకునే స్టాంపుకు జిగురు తగిలితే మహాపాపమని దానికి నేర్పింది నేనే. అయినా ఆ స్టాంపునే ఈ కార్డుకు అతికించేశాను. గుమ్మంలోంచే చూపించు, మంచం దగ్గరికి తేకు. జిగురు ఎంత పూశానో చూసి నన్ను తిట్టడానికైనా లేచొస్తుంది.

బావ దగ్గు తగ్గిందా? నా గళ్ల దుప్పటి పంపు.

పిచ్చుక తిట్ల కోసం ఎదురుచూస్తూ,
నీ తమ్ముడు